తాబేలుకు రెండు ఆధారాలు

నాటకం పదకొండింటికి. తాబేలు పాత్ర కూతురిది, మొదటి వరుసలో కూర్చునే పాత్ర తండ్రిది. ఈ రెండో పాత్రధారి గత రెండుసార్లూ బడి గేటు దరిదాపులకు కూడా రాలేదు కాబట్టి ఈసారి ఇంట్లో ఎవరికీ అతని మీద ఆశల్లేవు. రెండో తరగతి చదివే కూతురికి మాత్రం ఉన్నాయి. వచ్చిన చిక్కంతా అదే.

"నువ్వు కనబడితేనే నాకు మాటలు గుర్తొస్తాయి నాన్నా," అంది ఆ పిల్ల పళ్లు తోముకుంటూ, నోటి నిండా నురగతో. "పోయినసారి నువ్వు రాలేదు. నేను మర్చిపోయా. అందరూ నవ్వారు."

"ఈసారి వస్తాను తల్లీ. ఒట్టు."

"పోయినసారీ ఒట్టే వేశారు," అంది భార్య, తాబేలు చిప్పకు తాళ్లు కడుతూ. చిప్ప అంటే బట్టలు నానబెట్టే ప్లాస్టిక్ టబ్బు. బోర్లించి ఆకుపచ్చ రంగు వేస్తే అచ్చం తాబేలు వీపే.

అతను ఒక దినపత్రికలో పని చేస్తాడు. ఇంటర్నెట్‌లో ఊరూరా తిరిగే ఫొటోల్లో ఏది నిజమో ఏది బూటకమో తేల్చి చెప్పే 'నిగ్గు' అనే శీర్షిక అతనిది. ఆఫీసులో అందరూ అతని అసలు పేరు మరిచిపోయి నిగ్గు అనే పిలుస్తారు. బయట వాన పడుతోందని ఎవరైనా అంటే కిటికీలోంచి చెయ్యి చాపి చూసుకుంటే గాని నమ్మని మనిషి. 'ఇది ఎప్పటి ఫొటో?', 'రెండో ఆధారం ఏది?' అని రెండు కాగితాలు ఆఫీసు గోడకు అంటించింది అతనే. ఎడిటరు వాటిని కంఠతా పట్టి, తన ఇంట్లో వాళ్లను కూడా అవే ప్రశ్నలు వేసి వేధిస్తున్నాడని వినికిడి.

ఆ ఎడిటర్ని సెలవు అడగడం దండగ. పోయినసారి అడిగితే, "పిల్లల నాటకాలు ఏటా ఉంటాయి. ఇవాళ్టి పేజీ ఇవాళే ఉంటుంది," అన్నాడు. అందుకని నిగ్గు ఆ ఉదయం తన ఉద్యోగ జీవితంలో మొదటిసారిగా ఒక అబద్ధం టైపు చేశాడు. "సార్, మా వీధిలో మంచినీళ్ల పైపు పగిలింది. మోకాళ్ల లోతు నీళ్లు. బండి బయటికి తీయలేను. మధ్యాహ్నానికి వస్తాను."

వెంటనే జవాబు వచ్చింది. "ఫొటో?"

నిగ్గు కిటికీలోంచి తొంగిచూశాడు. వీధిలో చుక్క నీరు లేదు. ఎదురింటి గోడ మీద ఆరేసిన దుప్పటి సైతం ఎండలో ఫెళఫెళలాడుతోంది. అతని ఫోన్లో మాత్రం 'దొంగ ఫొటోలు' అనే ఫోల్డరు ఉంది. బూటకమని అతను తేల్చినవన్నీ అందులో పడి ఉంటాయి. నీళ్లు ఎక్కడైనా నీళ్లే కదా అనుకుని కంటికి కనిపించిన మొదటి వరద ఫొటో పంపించేశాడు. మోకాళ్ల లోతు నీళ్లు, పడిపోయిన స్కూటరు, గోడ మీద బిక్కుబిక్కుమంటూ ఒక గోధుమ రంగు కుక్క. ఎడిటరు నుంచి బొటనవేలి బొమ్మ వచ్చింది. అంత సులువుగా పని అయిపోతుందని తెలిస్తే ఎప్పుడో అబద్ధాలు మొదలుపెట్టేవాణ్ణి కదా అనిపించింది అతనికి.

ఎడిటరు ఊరుకున్నా బాగుండేది. 'నిగ్గు రావట్లేదు, శీర్షిక మధ్యాహ్నానికి' అని రాసి, నిగ్గు సందేశంతో సహా ఆ ఫొటోను వెబ్‌సైటు చూసే అమ్మాయికి పంపాడు. పక్క పత్రిక కంటే నిమిషం వెనకబడితే ఆ అమ్మాయికి ముద్ద దిగదు. ఆమెను ఆఫీసులో వేగం అంటారు. రెండు ఆధారాలు లేనిదే వార్త వేయకూడదన్న నియమం ఆమెకూ తెలుసు. కానీ ఫొటో పంపినవాడు సాక్షాత్తూ నిగ్గు. లోకంలో దేన్నీ నమ్మని మనిషే చెబుతుంటే ఇంకొకరిని అడగడమంటే ఆయన్ను అవమానించడమే అనుకుంది.

అతను చొక్కా ఇస్త్రీ చేసుకునేలోపు వార్త బయటికి వచ్చేసింది. 'నీట మునిగిన కాలనీ. గోడపై మూగజీవి ఆర్తనాదం.' ఫొటోలో కుక్క నోరు మూసుకునే ఉంది.

"అల్లుడుగారూ! మన వీధి మునిగిపోయిందటండీ!" అంటూ ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది అత్తగారు.

అతని చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. "కిటికీలోంచి చూడండి అత్తయ్యగారూ. ఎక్కడున్నాయి నీళ్లు?"

"మనకి కనబడకపోతే లేనట్టేనా? పేపర్లో వేశారు. అదీ మీ పేపర్లో!" అని ఆమె వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పింది. సరఫరా ఆగిపోకముందే నింపుకోవాలి కదా! బిందెలు, బకెట్లు, గిన్నెలు, చివరికి పూలకుండీ కింది పళ్లెం కూడా నిండింది. వీధిలో ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అదే పని చేస్తున్నారు. అన్ని కొళాయిలూ ఒక్కసారి తిప్పితే ఏమవుతుందో అదే అయింది. ధార సన్నబడి, దారమై, ఆగిపోయింది.

"చూశారా! నేను చెప్పలేదూ?" అంది అత్తగారు విజయగర్వంతో.

అప్పుడు వినిపించింది కూతురి కేక. టబ్బులో కూడా నీళ్లు పట్టేశారు! ఎత్తి పారబోస్తే తాబేలు వీపున సగం ఆకుపచ్చదనం గచ్చు మీదికి దిగిపోయింది.

నిగ్గు మేడ మీదికి పోయి, తలుపు వేసుకుని, వేగానికి ఫోన్ చేశాడు. "అమ్మాయీ, ఆ వార్త తీసేయ్."

"ఎందుకు సార్? మన తరవాత చాలా సైట్లు వేశాయి. అందరూ ధ్రువీకరించినట్టే కదా!"

"వాళ్లు మనల్ని చూసి వేశారమ్మా!"

"మనం కూడా వాళ్లని చూసి, 'ఇతర మాధ్యమాలూ ధ్రువీకరించాయి' అని కలిపాం సార్. అవునూ, కుక్క ఎలా ఉంది? పొద్దుట్నుంచీ జనం ఒకటే అడుగుతున్నారు."

ఆ ఫొటో పాతది అని చెబితే అయిపోయేది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చెప్పిన మరుక్షణం ఎడిటరు ఆఫీసుకు రమ్మంటాడు. వెళ్తే నాటకం పోతుంది. ఫోన్లో టైము చూసుకున్నాడు. పది దాటింది. పదకొండింటికి తాబేలును చూసి, ఆ తరవాత తిన్నగా వెళ్లి ఎడిటరు కాళ్ల మీద పడదామని తీర్మానించుకున్నాడు. "కుక్క బాగానే ఉంది," అన్నాడు. రెండో అబద్ధం మొదటిదాని కంటే తేలిగ్గా వచ్చింది.

పిల్లను ముందు నడిపించుకుని, టబ్బు చంకన పెట్టుకుని, భార్యాభర్తలు బయల్దేరారు. వీధి మలుపు దాటితే రోడ్డు. మలుపు దాటడానికే వీల్లేకపోయింది. జనం కిక్కిరిసి ఉన్నారు. నడిమధ్యన ఒక తవ్వే యంత్రం, దాని పక్కన నీటి సరఫరా ఇంజనీరు. అతని చెవి దగ్గర ఫోను, ముఖంలో ప్రాణం పోతున్న కళ. ఒక పక్కన జంతు ప్రేమికుల బృందం రబ్బరు పడవను కాలి పంపుతో ఊదుతోంది. పొడి రోడ్డు మీద.

"కుక్క ఏ గోడ మీదుంది సార్?" అని నిగ్గును పట్టుకుని అడిగింది ఆ బృందంలో ఒకామె. ఆమె కళ్లలో నీళ్లు నిజమైనవే.

అంతలో భార్య ఫోను మోగింది. బడి నుంచి సందేశం. 'వరద కారణంగా ఈనాటి కార్యక్రమం రేపటికి వాయిదా వేయడమైనది.' ఆమె దాన్ని చదివి, వార్తలోని ఫొటోను తెరిచి, వేళ్లతో పెద్దది చేసి చూసింది.

"ఏమండీ, ఈ కుక్కని ఎక్కడో చూశాను. పోయినేడాది మీరే కదూ చూపించి, దీన్ని కూడా నమ్మేవాళ్లున్నారని పడీపడీ నవ్వారు?"

అతను టబ్బును ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్నాడు. ఆమె ఫోను సంచిలో పడేసింది.

కూతురు టబ్బును రోడ్డు మీద బోర్లించి దాని మీద కూర్చుంది. ఏడవలేదు. అటూ ఇటూ చూసి, "వరదెక్కడుంది నాన్నా?" అంది.

నిగ్గుకు తల కొట్టేసినట్టయింది. ఏ నాటకం కోసమైతే అబద్ధమాడాడో, ఆ నాటకాన్నే తన చేతులతో ఆపేశాడు. ఇంత సిగ్గు అతను ఎన్నడూ పడి ఎరగడు. తిన్నగా ఇంజనీరు దగ్గరికి నడిచాడు.

"సార్, తవ్వకండి. పైపు పగల్లేదు."

"మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఆ ఫొటో పంపింది నేనే. అబద్ధం."

ఇంజనీరు అతన్ని జాలిగా చూశాడు. పొద్దుట్నుంచీ ఇలాంటివాళ్లు చాలామంది తగిలినట్టున్నారు. "చూడండి, కొళాయిల్లో నీళ్లు లేవు. వార్తల్లో నీళ్లున్నాయి. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. మీ మాట పట్టుకుని నేను తవ్వడం ఆపితే రేపు నా గతేంటి? అంత పెద్ద పత్రిక ఊరికే వేస్తుందా?"

"ఆ పత్రికలో నిజానిజాలు చూసేది నేనే సార్!"

"అయితే చూసే వేసుంటారు," అని ఇంజనీరు యంత్రం వైపు చెయ్యి ఊపాడు.

యంత్రం కొమ్ము భూమిలోకి దిగింది. ఎక్కడో లోపల, ఊరికంతటికీ నీళ్లు తెచ్చే పెద్ద పైపు టంగుమంది. మరుక్షణం మేడ ఎత్తున నీళ్లు ఎగజిమ్మాయి. జనం చెల్లాచెదురయ్యారు. పిల్లను భుజాన వేసుకుని నిగ్గు వెనక్కి పరుగెత్తాడు. టబ్బు తేలుతూ అతని వెంటే వచ్చింది.

"దొరికింది! ఇక్కడే!" అని ఇంజనీరు ఫోన్లోకి ఆనందంగా అరుస్తున్నాడు.

వీధి చూస్తుండగానే మోకాళ్ల లోతు అయింది. జంతు ప్రేమికులు పడవ ఎక్కారు. గోధుమ రంగు కుక్క ఎంతకీ దొరక్కపోవడంతో, మెట్ల మీద హాయిగా పడుకున్న ఒక నల్లకుక్కను ఎత్తి గోడ మీద పెట్టి, ఫొటో తీసుకుని, అక్కణ్ణుంచి దాన్ని కాపాడారు.

సరిగ్గా అప్పుడే ఎడిటరు ఫోను. గొంతు చల్లగా ఉంది.

"ఇప్పుడే ఒక పాఠకుడు పోయినేటి మన పేజీ పంపాడు. ఇదే స్కూటరు, ఇదే గోడ, ఇదే కుక్క. బూటకమని రాసింది నువ్వు. దీనికేమంటావు?"

"నిజమే సార్. పాత ఫొటో. పైపు పగల్లేదు సార్. అంటే... అప్పుడు పగల్లేదు. ఇప్పుడు పగిలింది."

"ఆ హోరేమిటి?"

"నీళ్లు సార్."

"నిజం నీళ్లేనా?"

"మెడదాకా తడిశాను సార్."

"ఎందుకు చేశావీ పని?"

చెప్పేశాడు. రెండు నాటకాలకు పోకపోవడం, వేసిన ఒట్టు, టబ్బు, ఆకుపచ్చ రంగు, అన్నీ చెప్పేశాడు. దాచుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

"తాబేలా?" అన్నాడు ఎడిటరు.

"తాబేలే సార్."

"పైపు పగిలింది కాబట్టి బతికిపోయావు. లేకపోతే నీ శీర్షిక ఇవాళ్టితో సరి. వెంటనే వచ్చి జరిగింది జరిగినట్టు రాయి, నీ పేరుతో సహా."

రాశాడు. 'సంఘటన నిజమే. ఫొటో పాతది. పంపినది ఈ శీర్షిక రచయితే. పైపు పగలడానికి ముందే వార్త వెలువడింది.' రాస్తుంటే అతని చెవులు కాలిపోయాయి. కానీ పాఠకులు మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయారు. తన కాలనీ కష్టాన్ని అందరికంటే ముందు లోకానికి చాటినందుకు అతనికి అభినందనలు వెల్లువెత్తాయి. వేగం ఆ వార్తకు కొత్త శీర్షిక పెట్టింది. 'మేము ముందే చెప్పాం.'

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అత్తగారూ మనవరాలూ కలిసి టబ్బుకు మళ్లీ రంగు వేస్తున్నారు. "రేపు వస్తావా నాన్నా?" అంది పిల్ల. ఈసారి ఒట్టు వేయమని అడగలేదు. అతను ఒట్టు వేయనూ లేదు. ఫోను తీసి, "సార్, రేపు పదకొండింటికి మా అమ్మాయి నాటకం. వెళ్లాలి," అని ఎడిటరుకు రాశాడు.

"ఫొటో?"

వీపున టబ్బు కట్టుకున్న కూతురి ఫొటో తీసి పంపాడు.

"ఇది ఎప్పటి ఫొటో?"

"ఇప్పటిదే సార్, రంగు కూడా ఆరలేదు," అన్నా లాభం లేకపోయింది. నాటకం నడిచినంతసేపూ వీడియో కాల్‌లో ఉండాలన్న షరతు మీద సెలవు దొరికింది.

మర్నాడు అతను మొదటి వరుసలో ఫోను పైకెత్తి పట్టుకుని కూర్చున్నాడు. చెయ్యి లాగుతోంది. తెర లేచింది. కుందేలు మాట్లాడింది, నక్క మాట్లాడింది. తాబేలు ముందుకొచ్చి ఆగిపోయింది. మాట లేదు. పెదవులు కదలవు. వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. పిల్ల కళ్లు వరుసంతా వెతుకుతున్నాయి. తన ముఖానికి ఫోను అడ్డంగా ఉందని నిగ్గుకు అప్పుడు వెలిగింది. గభాల్న దాన్ని పక్కకు తప్పించాడు.

తాబేలు అతన్ని చూసింది. ముఖం విప్పారింది.

"నేను నెమ్మదిగా వస్తాను," అంది హాలంతా వినబడేలా. "కానీ వస్తాను!"

చప్పట్లు మోగాయి. నిగ్గు కళ్లు తుడుచుకుంటుండగా ఫోన్లోంచి ఎడిటరు గొంతు వినిపించింది. "తాబేలు కనిపించింది. మరి రెండో ఆధారం?"

పక్క కుర్చీలోంచి అత్తగారు ఫోను లాక్కుంది. "నేను దాని అమ్మమ్మని బాబూ. ఇక్కడే కూర్చుని కళ్లారా చూస్తున్నాను. అది తాబేలే. టబ్బు మాదే."

ఆ వారంలో ఆ పత్రిక రెండు ఆధారాలతో నిర్ధారించుకున్న విషయం అదొక్కటే.