నల్లద్వారం ముందు ఎర్ర గొడుగు

శనివారం ఉదయం ఆరింటికి పులిహోర డబ్బా సంచిలో సర్దుతూ హైమావతి అన్నది: "రవికిరణ్ గారు వస్తున్నారుగా, ట్రియర్ ఊరి గురించి మనమేం చదువుకోనక్కర్లేదు. అన్నీ ఆయనే చెప్తారు."

బూటు లేసు కట్టుకుంటున్న ఆమె భర్త శశికాంత్ చేతిలో ముడి కాస్త గట్టిగా పడింది.

జర్మనీలోని ఆకెన్‌లో ఉండే ఈ దంపతులూ, రవికిరణ్ దంపతులూ కలిసి ఏ కోట చూడబోయినా రవికిరణ్ చెప్పేవాడు, శశికాంత్ వినేవాడు. తిరిగొచ్చాక వారం రోజుల పాటు హైమావతి "ఎంత బాగా చెప్తారండీ ఆయన!" అనేది. అసూయ అంటే మన మనసు ఎదుటివాడి ఇంట్లో అద్దెకుండటమని శశికాంత్ ఒక పుస్తకంలో చదివి, ఆ వాక్యం కింద గీత కూడా గీసుకున్నాడు. గీసినంత మాత్రాన ఇల్లు ఖాళీ కాలేదు. కనుక ఈసారి మూడు వారాలు ఆఫీసు భోజన విరామాల్లో రహస్యంగా ట్రియర్‌లోని పోర్టా నిగ్రా, అంటే నల్లద్వారం, గురించి చదివాడు. రోమన్లు కట్టిన ఆ నగర ద్వారం ముందు భార్య ఒక్కసారి "మా ఆయన ఎంత బాగా చెప్పారో" అనాలి. ఆ రోజుకు అతడికి అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

రైల్లో రవికిరణ్ వింతగా మౌనంగా ఉన్నాడు. అతడి భార్య వైశాలి మాత్రం హాయిగా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

ద్వారం దగ్గరికి చేరేసరికి చినుకులు ఆగాయి. శశికాంత్ హైమావతి ఎర్ర గొడుగు ముడిచి పైకెత్తి, "అందరూ ఇటు రండి!" అన్నాడు. అందరూ అంటే ముగ్గురు. వచ్చింది పద్నాలుగు మంది.

అదనంగా వచ్చిన పదకొండు మందీ చొక్కాలకు నీలం స్టిక్కర్లు అంటించుకున్న వృద్ధులు. "మా ఇంగ్లిష్ గైడు మీరేనా?" అని ఒక అవ్వ అడిగింది.

"ఏమండీ, మిమ్మల్ని గైడనుకుంటున్నారు!" అన్నది హైమావతి. ఆమె కళ్ళు మెరిశాయి.

కాదనడానికి ఒక్క మాట చాలు. ఆ మాటకూ ఈ మెరుపుకూ మధ్య ఎంచుకోవడానికి శశికాంత్‌కు ఎక్కువసేపు పట్టలేదు. "యెస్" అన్నాడు.

సున్నం లేకుండా పేర్చిన రాళ్ళ గురించి, లేతరంగు ఇసుకరాయి కాలం గడిచి నల్లబడటం గురించి చెప్పాడు. సిమియోన్ అనే సన్యాసి ఈ గోడల్లోనే తనను తాను బంధించుకుని బతికాడనీ, ఆయన పోయాక దీన్ని చర్చిగా మార్చారనీ, అందుకే ఎవరూ కూలగొట్టలేదనీ చెప్పాడు. "ఒక మనిషి నోరు మూసుకుని కూర్చున్నందుకే ఇది మిగిలింది" అంటూ రవికిరణ్ వైపు చూశాడు. రవికిరణ్ శ్రద్ధగా తల ఊపాడు.

చదివింది అయిపోయింది. అప్పుడు అవ్వ గోడ నిండా ఉన్న గుంతలు చూపించి, అవేమిటని అడిగింది.

రవికిరణ్ పెదవులు కదిలాయి. వైశాలి చూసింది. పెదవులు మూతపడ్డాయి.

శశికాంత్‌కు అమ్మమ్మగారి ప్రహరీ గోడలోని దీపపు గూళ్ళు గుర్తొచ్చాయి. "లాంప్స్! పండగకు ఒక్కో గూట్లో ఒక్కో దీపం పెట్టేవారు."

"ఎన్ని?"

"నాలుగు వేలు."

"ఏ పండగకు?"

"నవంబరులో... అమావాస్యకు."

పదకొండు మందీ రాసుకున్నారు.

అంతలో శిరస్త్రాణం మీద ఎర్ర కుచ్చుతో, రోమన్ సైనికుడి వేషంలో అసలు గైడు రొప్పుతూ వచ్చాడు. అవ్వ అతణ్ణి ఆలస్యానికి మందలించి, దీపాల సంగతి కూడా వినిపించింది.

"దీపాలా? రాళ్ళను పట్టి ఉంచిన ఇనుప బద్దలను మధ్యయుగంలో జనం పీక్కుపోయిన గుర్తులవి. ఎవరు చెప్పారు మీకు?"

పదకొండు వేళ్ళు ఎర్ర గొడుగు వైపు తిరిగాయి. అవ్వ తను రాసుకున్నదాన్ని నిదానంగా, తిన్నగా కొట్టేసింది.

తిరుగు రైల్లో శశికాంత్ అడిగాడు: "మీకు తెలుసు కదండీ, చెప్పొచ్చుగా?"

"ఇవాళంతా నోరు విప్పనని నేనే మాట తీసుకున్నాను అన్నయ్యగారూ" అన్నది వైశాలి. "ఎక్కడికెళ్ళినా ఈయన సోది భరించలేకపోతున్నా. 'శశికాంత్ అన్నయ్యను చూడండి, ఎంత ఓపిగ్గా వింటారో, ఒక్కరోజైనా ఆయనలా ఉండండి' అని ఏడాదిగా పోరుతున్నా."

"మీరంటే నాకు కుళ్ళు బాస్" అన్నాడు రవికిరణ్ మెల్లగా.

శశికాంత్ మనసు ఒక్కసారిగా తేలికపడింది. ఏడాదిగా తన ఇంట్లోనూ ఒకడు అద్దెకున్నాడన్నమాట! ఈ మాట హైమావతి విన్నదో లేదోనని ఆత్రంగా చూశాడు.

ఆమె విన్నది. పులిహోర మొదటి ప్లేటు రవికిరణ్ చేతికిస్తూ అన్నది: "తెలిసి కూడా పదిమందిలో మా ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఎంత సంస్కారం! రవికిరణ్ గారూ, మీరు ఎంత బాగా వింటారండీ!"

ఆకెన్ చేరేదాకా శశికాంత్ పెదవి విప్పలేదు, ఎవరూ గమనించలేదు.