సౌభ్రాత్ర కప్పుకు నల్ల అంచు కాగితం

‘డాన్యూబ్ తీర దేశాల శ్రామిక క్లబ్బుల శాశ్వత సౌభ్రాత్ర ఫుట్‌బాల్ కప్పు’ను తిహోబ్రెగ్ పట్టణంలో ప్రారంభిస్తున్నట్టు ఉపమంత్రి కామ్రేడ్ వెలిజార్ కరాషెవ్ ప్రకటించారు. ‘శాశ్వత’ అన్న మాటను ఆయన స్వయంగా చేర్చారు. కాలాన్ని సంప్రదించకుండా నిర్ణయం తీసుకోగలవాళ్లు ఏ దేశంలోనైనా కొద్దిమందే ఉంటారు.

సెప్టెంబరులో ప్రారంభోత్సవం జరిగింది. నాలుగు దేశాల జట్లు వచ్చాయి. ఆరుగురు వక్తలు నదిని, దాని పొడవుకు ఏమాత్రం తగ్గకుండా వర్ణించారు. వాళ్లు ముగించేసరికి పొద్దు వాలింది; తొలి ఆట మొదలవుతూనే ఆపేయాల్సి వచ్చింది. మర్నాడు ఉదయం ఒక ప్రతినిధి వర్గం, కార్యక్రమ పత్రంలోని పటంలో తమ దేశం దగ్గర నది సన్నగా అచ్చయిందని గమనించి రైలెక్కింది. వాళ్లను బతిమాలి తీసుకురావడానికి రెండో వర్గం వెళ్లింది. ఆ రెండు వర్గాల కోసం కాచుకోవడం తమ గౌరవానికి తగదని మూడోది వెళ్లింది. టోర్నమెంటు వాయిదా పడిందని పత్రికలు రాశాయి.

మూడేళ్లు గడిచాయి. వాయిదా చెక్కుచెదరలేదు.

దీనివల్ల ఇబ్బంది పడిన మనిషి పట్టణంలో ఒక్కడే: రేవు కార్మికుల జట్టు శిక్షకుడు ఎవ్‌స్తాతి. ఉన్న ఒక్క మైదానానికీ సీలు వేసి, టోర్నమెంటు తిరిగి మొదలయ్యేవరకు ఎవరూ గడ్డి తొక్కరాదని బోర్డు పెట్టారు. అతని జట్టు ఇటుకబట్టీ వెనక, ఆవులు మేసే బీడులో ఆడుతోంది. వచ్చే వసంతంలోగా సరైన మైదానం చూపించకపోతే లీగులోంచి పేరు కొట్టేస్తామని సమాఖ్య ఉత్తరం రాసింది. ఎవ్‌స్తాతికి పెళ్లాం లేదు, ద్రాక్షతోట లేదు. ఆ జట్టు ఉంది.

అతను పట్టణ కమిటీ కార్యదర్శి మలీనా దగ్గరకు వెళ్లాడు.

“టోర్నమెంటు ముగిసిందని ఒక్క ముక్క రాసివ్వండి కామ్రేడ్. సీలు తీయించుకుంటాను.”

“ముగిసిందని ఎవరన్నారు?”

“మూడేళ్లయింది కదండీ.”

“చూడు ఎవ్‌స్తాతి, మొదలుపెట్టమని నాకు పైనుంచి కాగితం వచ్చింది, మొదలుపెట్టాను. సౌభ్రాత్రం అయిపోయిందని సంతకం పెట్టమంటున్నావు నువ్వు. ఎందుకయిపోయిందమ్మా అని రేపు వాళ్లడిగితే ఏం చెప్పను? నది ఎండిపోయిందనా?”

ఆమె మంచి మనిషి. కాఫీ ఇప్పించి పంపింది.

తిరిగి వస్తూ అతను ఒక దీపస్తంభం ముందు ఆగాడు. మామూలుగానే దానినిండా నల్ల అంచు కాగితాలున్నాయి: పోయినవాళ్ల ఫొటోలు, కింద పేర్లు, వయసులు, దుఃఖితుల జాబితాలు. వాటిని చూస్తూ అతనికి ఒక సంగతి తోచింది. ఈ ఊళ్లో గుండె ఆగినంతమాత్రాన మనిషి పోడు. డాక్టరు రాసినా పోడు. కాగితం స్తంభానికి ఎక్కిన రోజున పోతాడు. ఆ తర్వాత ఇళ్ల కేటాయింపు ఆఫీసు కూడా వాదించదు. అలాంటప్పుడు, లేనిదాన్ని లేదని ఒప్పించడానికి అధికారం దేనికి? జిగురు చాలు.

అచ్చాపీసు రద్కో అతని బాల్యమిత్రుడు. కప్పు ఫొటోను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

“పైన శిలువ వెయ్యనా, నక్షత్రమా?”

“నక్షత్రమే వెయ్యి. దేవుడికి దీంతో సంబంధం లేదు.”

“నన్ను జైల్లో పెట్టిస్తావురా నువ్వు. దుఃఖితులెవరు?”

“పట్టణమంతా అని వెయ్యి.”

మర్నాడు పన్నెండు స్తంభాల మీద కాగితాలు వెలిశాయి. మగవాళ్లు ముందు టోపీ తీసి, తర్వాత చదివారు. మధ్యాహ్నానికి కార్యదర్శి మలీనాకు ముగ్గురు సానుభూతి తెలిపారు. ఎవరి గురించో కనుక్కోకముందే ఆమె కృతజ్ఞతలు చెప్పింది. తెలిసిన తర్వాత కూడా కాగితాలు చించమని ఎవరికీ చెప్పలేకపోయింది. అలాంటి కాగితాలను వాన చించుతుంది, మనుషులు చించరు.

మూడో రోజు ఉపమంత్రి నల్లకారు వచ్చింది. ఎవ్‌స్తాతి జైలుకని ఉన్ని మేజోళ్లు, సబ్బు సంచిలో సర్దుకుని కూడలిలో నిలబడ్డాడు. కరాషెవ్ స్తంభం దగ్గరకు నడిచారు. ఆయన చెయ్యి దానంతటదే టోపీ మీదకు వెళ్లింది. చాలాసేపు చదివారు.

“ఇంత జరిగితే నాకు కబురు చెయ్యలేదేం?” అని మలీనాను అడిగారు. టోపీ ఇంకా చేతిలోనే ఉంది.

“మిమ్మల్ని బాధపెట్టడం ఎందుకని, కామ్రేడ్.”

ఎవ్‌స్తాతి సంచి కింద పెట్టాడు. అంతా తను మొదట అనుకున్నట్టే జరిగింది. పట్టణ కమిటీ సమావేశమై మరణాన్ని ఏకగ్రీవంగా ధ్రువీకరించింది. మైదానం సీలు ఊడదీసి, తాళంచెవి అతని చేతికే ఇచ్చారు. మూడేళ్ల తర్వాత అతను గేటు తెరిచాడు. వెనకనుంచి నలుగురు మనుషులు ఒక పాలరాతి పలకను మోసుకొచ్చి, మైదానం నడిమధ్య వృత్తంలో దించారు. పుష్పగుచ్ఛాలు పెట్టారు.

“కామ్రేడ్, ఇక రేవు జట్టు ఇక్కడ ఆడుకోవచ్చు కదండీ?” అన్నాడు ఎవ్‌స్తాతి.

ఉపమంత్రి అతని భుజం మీద చెయ్యి వేశారు. “పాపం, దుఃఖంలో మనిషి ఏమంటాడో అతనికే తెలియదు,” అని మలీనాతో చెప్పారు.

కాగితం వేయించేది దగ్గరి బంధువే కనుక, మరణాల రిజిస్టరులో బంధువు పేరు రాసే గడిలో ఎవ్‌స్తాతి అని రాశారు. చేతికి నల్లగుడ్డ కట్టారు. ఆచారం ప్రకారం ఏడాదిపాటు అతను వినోదాలకు దూరంగా ఉండాలని గుర్తుచేశారు. ఫుట్‌బాల్ వినోదమా కాదా అన్నది ఓటుకు పెట్టారు. వినోదమే అని తేలింది. వసంతంలో సమాఖ్య రేవు జట్టు పేరు కొట్టేసింది. ఆ ఉత్తరంలో సంతాపం కూడా తెలిపింది.

నలభైయ్యో రోజు జరిపారు, ఆరో నెల జరిపారు. సంవత్సరీకానికి పట్టణమంతా మైదానం అంచున నిలబడింది. ఉడికించిన గోధుమలు, చక్కెర కలిపి కాగితం పొట్లాల్లో పంచారు. త్సోనా అవ్వకు చదువు రాదు. ఏ సంవత్సరీకమూ వదలదు. పొట్లం పట్టుకుని ఎవ్‌స్తాతి నల్లగుడ్డ కేసి చూసింది.

“పోయినవాడు నీకు దగ్గరివాడా నాయనా?”

“అలాగే రాశారవ్వా.”

“ఎంత వయసు?”

ఎవ్‌స్తాతికి అబద్ధం చెప్పే అలవాటు లేదు.

“పదకొండు నిమిషాలు. ఆ తర్వాత చీకటి పడింది.”

అవ్వ శిలువ గుర్తు వేసుకుంది. తన పొట్లంలోని గోధుమలు సగం అతని దోసిట్లో పోసింది.

“అయ్యో, పురిట్లోనే పోయాడా. ఏడవకు నాయనా. ఇంకొకడు పుడతాడు.”

పాలరాతి పలక పక్కన కామ్రేడ్ కరాషెవ్ మైకు సరిచేసుకుని, జేబులోంచి కాగితం తీసి విప్పుతున్నారు.