నూట అరవై దాటిన ముల్లు

పొద్దున్నే కూతుర్ని కారులో కనిగిరి తీసుకెళ్లి, ఉద్యోగంలో చేర్పించి, భోజనం వేళకు ఇంటికి వచ్చేయాలని బుల్లయ్య గారి ఆలోచన. అఖిలకు కనిగిరి హైస్కూల్లో సైన్సు టీచరు పోస్టు వచ్చింది. మంచిరోజు చూసి పంపుతానని తండ్రి జాగు చేయడంతో చివరి గడువు దాకా వచ్చింది. ఆ మధ్యాహ్నంలోగా సంతకం పెట్టకపోతే పోస్టు తర్వాతి మనిషికి పోతుంది.

"నేను బస్సులో పోతాను నాన్నా," అంది అఖిల.

"కారు పెట్టుకుని బస్సెందుకు? మొదటిరోజే నలిగిపోయి బస్సు దిగితే పిల్లకాయలు లెక్కచేస్తారా?" అన్నారు బుల్లయ్య గారు.

కారు కొని నెల తిరగలేదు. హైదరాబాదులో ఎవరో షోకులరాయుడు వాడి వదిలేసింది. ఉన్న మీటర్లు చాలవన్నట్టు అతను ఇంజను ఆయిలు ఎంత వేడెక్కిందో చూపించే మీటరొకటి ఫారిన్ నుంచి తెప్పించి బిగించాడు. కారు మొత్తంలో బుల్లయ్య గారికి బాగా నచ్చింది అదే. పచ్చి పొగాకును వేడిమీద ఆరబెట్టి కాల్చే బ్యారన్‌లో థర్మామీటరు మీద ఉండే ఫారన్‌హీటు అంకెలే దాని మీదా ఉన్నాయి. పొదిలి చుట్టుపక్కల ఆకు కాల్చడంలో బుల్లయ్య గారి తర్వాతే ఎవరైనా అని పేరు. ఆ పేరు ఎక్కువగా ప్రచారం చేసింది ఆయనే. వంద దగ్గర ఆకు పసుపు తిరగాలి, నూట అరవై దగ్గర ఈనె ఎండాలి, అది దాటితే ఆకు మాడుతుంది, మరీ దాటితే బ్యారనే అంటుకుంటుంది. నెలరోజులుగా కారు ఊరికీ పొలానికీ మధ్యే తిరగడంతో ముల్లు వంద దగ్గరే ఆగిపోయేది. అది చూసి ఆయన తృప్తిగా తలాడించేవారు.

ముందు సీట్లో బావమరిది త్రినాథ్ కొత్త కండువాతో కూర్చున్నాడు. వెనక భార్య సుబ్బరావమ్మ, అఖిల. పొదిలి దాటాక రోడ్డు ఖాళీగా ఉండటంతో కారు ఊపందుకుంది. ముల్లు కూడా అందుకుంది. నూట అరవై దగ్గర బుల్లయ్య గారు మాటలు ఆపేశారు. రెండొందలు దాటగానే బ్రేకు మీద కాలేశారు.

"దిగండి. అంటుకుంటుంది."

నిజానికి దూరం పరిగెత్తే కారులో ఆయిలు ఆ మాత్రం వేడెక్కడం ఆరోగ్య లక్షణం. ఆ సంగతి కచ్చితంగా తెలిసినవాళ్లు ఆ రోడ్డు మీద లేరు. అఖిలకు మాత్రం అనుమానం వచ్చింది.

"ఆయిలు పొగాకు కాదు కదా నాన్నా. ఇంజనుకి అంత వేడి మామూలేనేమో."

"నువ్వు వేడి గురించి చదివావు. నేను ఇరవై ఏళ్లుగా దాని పక్కనే పడుకుంటున్నాను."

బ్యారన్‌లో వేడి పెరిగితే చేసేవి రెండే పనులు. పైన కిటికీలు తెరవాలి, పొయ్యిలో మంట తగ్గించాలి. కారుకు కిటికీలు పైన లేవు కాబట్టి బుల్లయ్య గారు బానెట్టు సగం పైకెత్తి, మూసుకుపోకుండా త్రినాథ్ కండువాతో కట్టేశారు. దాంతో ఎదురుగా రోడ్డు కనబడటం మానేసింది. త్రినాథ్ తల కిటికీలోంచి బయటపెట్టి దారి చెప్పే పనిలో పడ్డాడు.

"గేదె వస్తోంది బావా."

"ఎటునుంచి?"

"మనమే దాని మీదికి పోతున్నాం."

మంట తగ్గించడానికి కారును మొదటి గేరులోనే నడిపారు. పచ్చగడ్డి మోపుతో వెళుతున్న సైకిలు వాళ్లను దాటిపోయింది. ఇంజను మాత్రం గొంతు చించుకుని అరుస్తూ ఇంకా వేడెక్కింది. ముల్లు రెండొందల ఇరవై చూపించింది. మళ్లీ ఆపారు. అప్పుడే కనిగిరి బస్సు వచ్చి పక్కన నెమ్మదించింది. ఏమైందని డ్రైవరు అడిగితే బుల్లయ్య గారు, "ఏం కాలేదు, మీరు పొండి," అని చెయ్యి ఊపారు.

రెండుసార్లు పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం. ఆ బస్సు కనుమరుగయ్యేదాకా అఖిల చూస్తూనే ఉంది. ఆమెకు ఏడుపు వచ్చింది.

"మీటరే అబద్ధం చెబుతోందేమో బావా," అన్నాడు త్రినాథ్.

"అయితే ఇంకో మీటరు పెట్టి చూద్దాం."

రోడ్డు పక్కనే ఒక బ్యారన్ పొగ కక్కుతోంది. అక్కడ మంట చూసుకునే దానయ్య దగ్గర థర్మామీటరు అడిగారు.

"నాకుండేది ఇదొక్కటేనయ్యా," అన్నాడు దానయ్య.

"చూసి ఇచ్చేస్తాం. దీన్నేమన్నా తింటామా?"

ఇంజను ఆపి, ఆయిలు పోసే కంతలోకి థర్మామీటరు దించారు. పాదరసం గబగబా పైకెక్కి ఆఖరి అంకె దాటింది. టిక్కుమని చిన్న చప్పుడైంది. పై ముక్క బుల్లయ్య గారి చేతిలో మిగిలింది, కింది ముక్క ఇంజనులోకి జారిపోయింది. దానయ్య ఆ కంతలోకి కాసేపు తొంగిచూశాడు.

"ఇప్పుడు నా బ్యారన్ సంగతేందయ్యా?"

"మా ఇంటినుంచి పంపిస్తాలే. ముందు ఒక బక్కెట్టు తే. గాజు లోపలుంటే ఇంజను పోతుంది. ఉన్న ఆయిలంతా దించేయాలి."

త్రినాథ్ స్పానరు పట్టుకుని తెల్లచొక్కాతో కారు కిందికి దూరాడు. బుల్లయ్య గారు కూడా నేలమీద పడుకుని, కిందికి చేతులు చాపి బక్కెట్టు సర్దుతూ సలహాలు చెప్పసాగారు. అప్పుడు రెండో బస్సు వచ్చింది. సుబ్బరావమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వెక్కు. మీ నాన్నకు నేను చెబుతాలే."

అఖిల సంచీ గుండెకు హత్తుకుని ఎక్కేసింది. కారు కింద చేతిమీద వేడి ఆయిలు పడి త్రినాథ్ వేసిన కేకలో బస్సు వెళ్లిన చప్పుడు కలిసిపోయింది.

ఆయిలంతా బక్కెట్లోకి దిగాక బుల్లయ్య గారు తాళం తిప్పి మీటరు చూశారు. ముల్లు నూట ఎనభైకి దిగింది. చూస్తుండగానే నూట అరవైకి వచ్చింది.

"చూశావట్రా, అసలు దొంగ ఈ ఆయిలే."

"ఆయిలు లేకుండా బండి నడుస్తదా అయ్యా?" అన్నాడు దానయ్య.

"కనిగిరి మొదట్లో ఆయిలు షాపుంది. అక్కడిదాకానే కదా. వేడెక్కితే మీటరు చెప్పదూ?"

ఆయిలు వేడిని కొలిచే మీటరు ఆయిలే లేనప్పుడు ఏం కొలుస్తుందని ఎవరూ అడగలేదు. అడగగల మనిషి బస్సులో ఉంది.

కండువా విప్పి, బానెట్టు మూసి బయల్దేరారు. ముల్లు నూట నలభై, నూట ఇరవై, అలా బుద్ధిగా దిగిపోతోంది. ఇంజనులో ఏదో కొత్త చప్పుడు వినిపించినా, అది చల్లబడుతున్న చప్పుడని బుల్లయ్య గారు తేల్చారు.

"చూశావామ్మా అఖిలా, అనుభవమంటే ఇదీ," అని వెనక్కి తిరిగారు.

"అది ఎప్పుడో వెళ్లిపోయింది," అంది సుబ్బరావమ్మ.

"ఎక్కడికి?"

"ఉద్యోగానికి."

బుల్లయ్య గారి మనసు చివుక్కుమంది. "నాతో ఒక్కమాట చెప్పొద్దా?"

"చెబితే పోనిచ్చేవాళ్లా?"

ఆయన బదులు ఇంజను పెద్దగా కీచుమని అరిచి, ఒక్కసారి వణికి బిగుసుకుపోయింది. ఆ తర్వాత తాళం ఎన్నిసార్లు తిప్పినా ఉలకలేదు, పలకలేదు. ముల్లు మాత్రం నిమ్మళంగా వంద దగ్గర నిలబడి ఉంది.

పత్తి బోరాలతో పోతున్న ట్రాక్టరొకటి కారును మోకుతో కట్టి లాగింది. దారిలో మెకానిక్ షెడ్డు కనబడినా బుల్లయ్య గారు ఆపనివ్వలేదు. పిల్ల వేళకు చేరిందో లేదోనని ఆయన ప్రాణం కొట్టుకుంటోంది. నేరుగా హైస్కూలుకు లాగమన్నారు. చప్పుడు విని హెడ్మాస్టరు ఇమ్మానియేలు గారు వరండాలోకి వచ్చారు.

"మా అమ్మాయి అఖిలండీ... చేరిందా?"

"టైముకే వచ్చేశారండి. సంతకం పెట్టి క్లాసుకు కూడా వెళ్లారు."

బుల్లయ్య గారు కిటికీలోంచి చూశారు. అఖిల చాక్‌పీసు పట్టుకుని బోర్డు దగ్గర నిలబడి ఉంది. పిల్లలు కిక్కురుమనకుండా వింటున్నారు. అంతసేపూ బిగబట్టుకున్న కన్నీళ్లు ఆయనకు అప్పుడొచ్చాయి. మోచేతులదాకా ఆయిలు ఉండటంతో తుడుచుకునే వీలు లేకపోయింది. అఖిల చూసి గుమ్మంలోకి వచ్చింది.

"నేనే తీసుకొద్దామనుకున్నానమ్మా."

"తెలుసు నాన్నా," అని ఆమె తన పైటచెంగుతో ఆయన ముఖం తుడిచింది.

హెడ్మాస్టరు గారు గేటు దగ్గర మోకుతో ట్రాక్టరుకు కట్టి ఉన్న కారు వంక, చెయ్యి పట్టుకుని ఊదుకుంటున్న త్రినాథ్ వంక మార్చి మార్చి చూశారు.

"కారుకి ఏమైందండీ?"

"కాస్త వేడెక్కిందండి," అన్నారు బుల్లయ్య గారు. "ఇప్పుడు పూర్తిగా తగ్గించేశాను."