చిత్రాంగి ఫిర్యాదుల విభాగం

ఒక పెద్ద అడవిలో చెట్లన్నీ పగడాలే. ఎందుకంటే ఆ అడవి సముద్రం అడుగున ఉండేది. అడవికో సంఘం, సంఘానికి గులివిందయ్య అనే గులివింద చేప అధ్యక్షుడు. గడ్డం కింద రెండు మీసాలు వేలాడుతుండేవి. ఎవరైనా ఫిర్యాదు తెచ్చారంటే అవి కోపంతో వణికేవి.

"ఈ కవళ్ళ చేపలకి వేరే పనే లేదా? ఇల్లు ఇరుకు, నీళ్ళు మురికి, వలల భయం! పొద్దస్తమానం ఇదే గోల!" అని గుమాస్తా అడ్డయ్య మీద విరుచుకుపడ్డాడు.

అడ్డయ్య పీత. తన నడకలాగే ఫైళ్ళనూ పక్కకే నడిపించేవాడు. "చిత్తం," అన్నాడు.

మర్నాడే ఫిర్యాదుల విభాగం వెలిసింది. అధికారి చిత్రాంగి అనే శంకునత్త. పెంకు మీద పట్టుచీరలాంటి అల్లిక, మెత్తటి నడక, పల్లెత్తు మాట లేదు. ఆవిడ నోట్లో విషపు ముల్లుందనీ, చేపల్ని కొయ్యబారేలా చేసి మింగుతుందనీ గులివిందయ్యకి తెలుసు. తెలిసే వేశాడు.

"చూడమ్మా, ఒకసారి వచ్చినవాళ్ళు మళ్ళీ రాకూడదు."

"రారండీ," అంది చిత్రాంగి.

నిజంగానే రాలేదు. నెల తిరక్కుండా ఫిర్యాదులు సగానికి పడిపోయాయి. గులివిందయ్య తనకి తనే సన్మానం చేయించుకున్నాడు.

ఒకరోజు కవళ్ళ వాడ నుంచి సింహాచలమ్మ అనే చేప అడ్డయ్య దగ్గరికి వచ్చింది. "అన్నా, మా ఆయన మొన్న ఫిర్యాదిస్తానని మీ ఆఫీసుకొచ్చాడు. ఇంటికి రాలేదు."

"అయితే ఆ సంగతి కూడా లోపల ఫిర్యా..." అనబోయి అడ్డయ్య ఆగిపోయాడు. వెళ్ళి లోపలికి తొంగిచూశాడు.

చిత్రాంగి గొడుగంత నోరు విప్పుకుని కూర్చుంది. ముందు పొలుసుల గుట్ట.

"పీతల్ని నేను ముట్టను లెండి," అంది మర్యాదగా.

అడ్డయ్య ఆ గుట్టలో కవళ్ళ పొలుసుల్ని గుర్తుపట్టాడు. వాళ్ళందర్నీ వరసలో నిలబెట్టి పంపింది తనే! బయటికొచ్చి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సూటిగా మాట్లాడాడు.

"తల్లీ, మీ ఆయన ఇక రాడు. తప్పు నాది కూడా. నీ పిల్లల్నీ వాడలో మిగిలినవాళ్ళనీ తీసుకుని అవతలి దిబ్బకి పారిపో."

సింహాచలమ్మ అతని వంక ఒక్క చూపు చూసింది. ఏడవడానికి కూడా ఆగలేదు. సాయంత్రానికి వాడంతా ఖాళీ.

తర్వాతి వారమే సంఘం ఎన్నికలు. ఓట్లన్నీ కవళ్ళ వాడవే. గులివిందయ్య మీసాలు దువ్వుకుని ఎదురుచూశాడు. పొద్దు వాలింది, ఒక్క చేప రాలేదు.

"ఓటర్లేరీ?"

"ఫిర్యాదులే కాదండీ, ఫిర్యాదు చేసేవాళ్ళు కూడా లేరిప్పుడు," అన్నాడు అడ్డయ్య.

గులివిందయ్య ఒళ్ళు మండిపోయి నేరుగా చిత్రాంగి గదిలోకి దూసుకెళ్ళాడు. "ఒక్క ఓటైనా మిగల్చలేదు కదే! నీ మీద నాకు పెద్ద ఫిర్యాదుంది!"

"చెప్పండి," అంటూ చిత్రాంగి నోరు తెరిచింది.

నీతి: ఫిర్యాదులు పూర్తిగా తీర్చే అధికారిని వేసుకున్న పెద్దమనిషి, తన ఫిర్యాదు మాత్రం కడుపులోనే దాచుకోవాలి.