ఐదింటిదాకా గడువు

ఆ ఉదయం పేపరాయన పెట్టుకున్న పని చాలా చిన్నది. పదింటికి విదేశాంగ శాఖ ఆఫీసుకు వెళ్లాలి, వంతెన గురించి రెండు పేజీల నివేదిక రాయాలి, సాయంత్రం తన ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద డైరెక్టరు మేడం చేత సంతకం పెట్టించుకోవాలి. ఇరవై రెండేళ్లు విలేఖరిగా పనిచేసిన పత్రిక మూతపడ్డాక, నెరిసిన తలతో పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగమిది. ఆఫీసులో ఆయనకు పేపరాయన అన్న పేరు మొదటిరోజే స్థిరపడింది. ఉద్యోగం మాత్రం ఇంకా స్థిరపడలేదు. ఆరు నెలల పరీక్షాకాలం ఆ రోజుతో ముగుస్తుంది.

"ఈ ఒక్కరోజూ కాస్త నోరు కట్టేసుకోండి," అంది భార్య బూట్ల లేసులు ముడేసుకుంటూ. ఆవిడ నర్సు. పత్రిక మూతపడిన నాటినుంచి రెండు ఆసుపత్రుల్లో రెండు డ్యూటీలు చేస్తోంది. "ఖాయమైందని ఫోన్ చేశారంటే ఆ రెండో డ్యూటీకి ఇవాళే దణ్ణం పెట్టేస్తా. నా మోకాళ్లు మీ పేరు చెప్పుకుని బతుకుతాయి."

"నేను మాట్లాడేదేముంది? రాయడమేగా!" అన్నాడు.

సరిహద్దు ఏటి మీది వంతెన పదకొండేళ్ల క్రితం నడిమికి కూలింది. ముందు అవతలివాళ్లే మొదలుపెట్టాలని రెండు దేశాలూ మహా మర్యాదగా ఎదురుచూస్తూ కూర్చున్నాయి. ఏటికి అటూ ఇటూ పిల్లనిచ్చి పుచ్చుకున్న వాళ్లు నలభై మైళ్లు చుట్టూ తిరిగి వియ్యంకుల మొహాలు చూసుకుంటున్నారు. పేపరాయన పాత ఫైలు తిరగేసి, 'మరమ్మతుకు పొరుగు దేశం సుముఖంగా లేదు' అని రాశాడు. రాశాక చెయ్యి ఆగిపోయింది. అవతలివాళ్ల మాట అడగకుండా ఆయన జన్మలో ఒక్క వార్త ఇచ్చి ఎరగడు. బల్లమీది ఆఫీసు ఫోన్ తీసి పొరుగు దేశపు రాయబార కార్యాలయానికి కలిపాడు. అక్కడి కార్యదర్శి ఎత్తాడు.

"మీకు వంతెన బాగుచేయడం ఇష్టం లేదని రాస్తున్నామండీ. దీనికి మీరేమంటారు?"

"ఇది మీ ప్రభుత్వం తరఫున అడుగుతున్నారా?"

"నేను ప్రభుత్వోద్యోగినే కదండీ. ఐదింటిదాకా చూస్తాను. అప్పటికీ పలక్కపోతే 'స్పందించలేదు' అని రాసి పైకి పంపేస్తాను."

"పంపేస్తే?"

"ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదండీ."

పత్రికలో రోజుకు పదిసార్లు చెప్పే మాటే. అదే మాట ప్రభుత్వం నోట వస్తే జనం సామాన్లు సర్దుకుంటారని ఈ ఆరు నెలల్లో ఆయనకెవరూ చెప్పలేదు.

కార్యదర్శి పరుగున వెళ్లి, పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరుచుకు కూర్చున్న రాయబారిని లేపుకొచ్చాడు. రాయబారి సగం పూడ్చిన పన్నుతోనే తన రాజధానికి ఫోన్ చేశాడు. అక్కడ మంత్రులందరినీ భోజనాల దగ్గర్నుంచి లేపారు. సరిహద్దు కాపలావాళ్లకు సెలవులు రద్దయ్యాయి. అటువాళ్లు హడావిడిగా బూట్లు తొడుక్కోవడం ఇటు కాపలావాళ్లు దుర్భిణిలో చూసి, తామూ తొడుక్కుని పైకి కబురు పెట్టారు. మూడున్నరకల్లా డైరెక్టరు మేడం గదిలో అత్యవసర సమావేశం.

"ఎవరో వాళ్లకి ఐదింటిదాకా గడువు పెట్టారట! మంత్రిగారికి తెలీదు, రక్షణశాఖకి తెలీదు. ఎవరి పనిది?"

ఎంత పెద్ద వార్త అనుకుంటూ పేపరాయన గబగబా రాసుకుంటున్నాడు. మూడో వాక్యం దగ్గర కలం ఆగింది.

"మేడం, అది... నేనేనండీ."

మేడం కళ్లజోడు తీసి ఆయనవైపు తిరిగింది.

"అసలు వాళ్లనెందుకు అడిగావయ్యా?"

"వాళ్ల గురించి రాస్తున్నాం కదండీ!"

"ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు నాది. పొరుగు దేశం ఏమనుకుంటోందని పొరుగు దేశాన్నే అడిగినవాణ్ణి నిన్నే చూశా," అంటూ మేడం ఆయన ఉద్యోగం ఖాయం చేసే కాగితం బల్లమీద బోర్లా పెట్టేసింది.

వరండాలోకి వచ్చి భార్యకు ఫోన్ చేశాడు. "ఆ రెండో డ్యూటీ మానకు. నా ఉద్యోగం ఊడేట్టుంది."

"ఏం రాశారు?"

"రాయలేదు. అడిగాను."

జరిగిందంతా ఆవిడ చివరిదాకా వింది. "మన పెళ్లి మాటలప్పుడు పెద్దవాళ్లంతా కలిసి తేల్చేసుకున్నాక, మరి అమ్మాయేమంటుందని అడిగింది మీరొక్కరే. ఆ అడిగే గుణం చూసే ఒప్పుకున్నా. ఇప్పుడు దాన్నేమనను? పోతే పోయింది లెండి. ముందేదైనా తినండి."

ఆయనకు కళ్లు చెమర్చాయి. మోకాళ్లు నొప్పెట్టే మనిషి తనను ఓదారుస్తోందని సిగ్గేసింది కూడా.

ఐదుకు పది నిమిషాలుందనగా, వాచిన బుగ్గతో రాయబారి స్వయంగా దిగాడు. గడువు దాటిపోతుందేమోనని మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కి రొప్పుతున్నాడు. ఆయన చేతిలో కాగితం ఉంది. వచ్చే నెలే రెండు వైపులా ఒకేసారి పని మొదలుపెడదామని, తమకెప్పుడూ అభ్యంతరం లేదని అందులో ఉంది.

"మరి పదకొండేళ్లూ ఎందుకు చెప్పలేదండీ?" అంది మేడం.

"మీరు అడగలేదు కదమ్మా! మా ఫైల్లోనేమో మీకే ఇష్టం లేదని రాసుంది," అన్నాడు రాయబారి బుగ్గ పట్టుకుని.

మేడం బోర్లా పెట్టిన కాగితాన్ని మళ్లీ తిప్పి, తలెత్తకుండా సంతకం చేసింది. పేపరాయన ఇంటికి ఫోన్ చేశాడు. అవతల భార్య ఏడ్చిందో నవ్విందో గాని, రెండో ఆసుపత్రికి మాత్రం ఆ క్షణమే రాజీనామా రాసేసింది.

మర్నాడు ఆయన ఆఫీసుకు వెళ్లేసరికి బల్లమీద ఉద్యోగం ఖాయమైన ఉత్తర్వు ఉంది, ఫోన్ లేదు.