‘ఫ్యాన్ పట్టుకుపోయాడు’ పాటకు హిట్ హోదా

నిప్పు, చక్రం, ఆ తర్వాత కార్తహేనా నగర వార్షిక హిట్ నిర్ధారణ కార్యాలయం. మానవజాతి ముందుకు వేసిన పెద్ద అడుగులు ఈ మూడే. మొదటి రెండింటి గురించి బడిలో చెబుతారు కాబట్టి ఇక్కడ మూడోదాని సంగతి చూద్దాం.

పూర్వం ఏ పాట హిట్టో జనం కాళ్ళు తేల్చేవి. కాలు ఆడితే హిట్టు, ఆడకపోతే లేదు. ఇంత ముఖ్యమైన విషయాన్ని చదువూ సంధ్యా లేని కాళ్ళకు వదిలేయడమేమిటని పెద్దలకు చిరాకు పుట్టి కార్యాలయం తెరిచారు. దాని అధిపతి డాక్టర్ ఉబాల్దో. (వైద్యం రాదు. ఆ ఊళ్ళో కుర్చీకి చేతులుంటే చాలు, అందులో కూర్చున్నవాడు డాక్టరే.)

ఆయన వచ్చాక పాటల సంవత్సరం గాడిన పడింది. జనవరిలో పాట విడుదల. ఫిబ్రవరిలో అదే పాట ఇంకొకరితో కలిసి. మార్చిలో రీమిక్స్. ఏప్రిల్లో ఆ రీమిక్స్‌కు రీమిక్స్. అందులో కొత్తగా అరడజనుమంది గాయకులు, తలా ఒక ‘అబ్బా’ చొప్పున. మేలో గిటారు పట్టుకుని అదే ఏడుపు. జూన్‌లో మాజీ ప్రియుడి జవాబు పాట, జూలైలో ఇద్దరికీ రాజీ, ఆగస్టులో మళ్ళీ తగువు. ఈ కథ జరిగిన ఏడాది హిట్లన్నీ విడిపోయినవాళ్ళ పాటలే. చక్కగా కాపురం చేసుకుంటున్న జంట పాట ఒకటి పొరపాటున వచ్చింది గానీ, దాన్ని సాంకేతిక లోపంగా పరిగణించి వెనక్కి పంపారు. నవంబరు పండుగల్లో జాబితా చదివి, మొదటి పాట పాడిన మనిషిని వేదిక మీదికి పేరు పెట్టి పిలుస్తారు.

అలా పేరు పెట్టి పిలిపించుకోవాలన్నదే ఆర్లెనిస్ కోరిక. అంతకుమించి ఏమీ అడగలేదు పాపం.

ఆర్లెనిస్ బసుర్తో అనే సంతలో గుడ్డు అరెపాలు, అంటే గుడ్డు కూరిన మొక్కజొన్న రొట్టెలు, వేయించి అమ్ముతుంది. ఆమె మొగుడు ఎలియెసెర్ ఓ మండుటెండ రోజున ఇల్లు విడిచిపోయాడు. పోతే పోయాడు, ఇంట్లో ఉన్న ఒక్క ఫ్యాన్‌నూ చంకన పెట్టుకుని పోయాడు. ఆ కడుపుమంట పాటై వచ్చింది. ‘నువ్వు పోయావు, చల్లబడ్డాను, ఫ్యాన్ పోయింది, ఉడికిపోయాను’ అని మొదలవుతుంది. దాన్ని ‘కోపిష్టి తాబేలు’ కోసం రికార్డు చేసి ఇచ్చింది. తాబేలంటే పికో. పికో అంటే వీధుల్లో జనం ఆడడానికి పాటలు మోగించే, గోడంత ఎత్తు స్పీకర్ల దొంతర. మీద పళ్ళు నూరుతున్న తాబేలు బొమ్మ. అది మోగితే పక్క పేటలో ఆరేసిన బట్టలు కూడా ఆడతాయి.

పికోల పద్ధతి ఒకటుంది. మంచి పాట దొరికితే యజమాని దాని మీద పాడినవాళ్ళ పేరు గీకేస్తాడు. పేరు తెలిస్తే పక్క పికోవాడూ తెచ్చుకుంటాడు కదా! (ఒకప్పుడు రికార్డు మీది కాగితాన్ని మేకుతో గీకేవారు. ఇప్పుడు గీకడానికి కాగితం లేక నోటితో గీకుతున్నారు.) తాబేలు యజమాని విల్‌ఫ్రాన్ ఈ పనిలో దిట్ట. పల్లవి అయ్యాక ఆర్లెనిస్ తన పేరు చెప్పుకున్న చోట సరిగ్గా మైకు అందుకుని “తాబేలొచ్చింది, తప్పుకోండీ!” అని అరుస్తాడు.

పాట ఊరిని ఊపేసింది. బస్సు డ్రైవర్లూ, పెళ్ళికూతుళ్ళూ, శవపేటిక మోసేవాళ్ళూ అదే కూనిరాగం. అందరూ దాన్ని ‘తాబేలు పాట’ అన్నారు.

“అది నేను పాడిందే,” అంది ఆర్లెనిస్ ఓ రోజు, పక్కన చేపలమ్మే ఆవిడతో.

“నువ్వా? అయితే ఆ తాబేలు మా ఆయన,” అని ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆర్లెనిస్‌కు ఒళ్ళు మండింది. నూనె మూకుడు దించేసి తిన్నగా కార్యాలయానికి వెళ్ళింది.

“ఈ పాట హిట్టు కాదు,” అన్నాడు డాక్టర్ ఉబాల్దో. “విడుదలే కాలేదుగా.”

“ఊరంతా పాడుతోంది కదండీ డాక్టరు గారూ!”

“అదే తప్పు. విడుదల కాకముందే పాడేస్తున్నారు. క్రమశిక్షణ లేని జనం. మీరు విడుదల చెయ్యండి, అప్పుడు మొదట్నుంచీ పద్ధతిగా పాడుకుంటారు.”

ఆమె విల్‌ఫ్రాన్ దగ్గరికి పరిగెత్తింది. “అన్నా, నీకు దణ్ణం పెడతా, నా పాట నాకియ్యి.”

“నీ ఇల్లు బంగారంగానూ, అదొక్కటి అడక్కు చెల్లెమ్మా! ఆ పాట బయటికిస్తే నా తాబేలు ఒట్టి చిప్పే.”

చేసేది లేక తన పాటను తానే మళ్ళీ పాడి, అరుపుల్లేకుండా, సొంత పేరుతో విడుదల చేసింది. కార్యాలయంలో ఒక యంత్రం ఉంది. ఊళ్ళో జనం ఏం పాడుతున్నారో అది వింటూ ఉంటుంది, దాంతో దరఖాస్తు పాటను పోలుస్తుంది. యంత్రం విన్నది, ఆలోచించింది, ‘అనుకరణ’ అని తేల్చింది.

“ఎవరికండీ అనుకరణ?”

“తాబేలుకు,” అన్నాడు డాక్టర్ మెచ్చుకోలుగా. “బాగానే దింపారు. ఆ అరుపు ఒక్కటే కుదర్లేదు.”

“ఓరి దేవుడా! నా గొంతును నేను కాపీ కొట్టానా?”

“అలాంటివారికి మా దగ్గర ప్రత్యేక విభాగం ఉంది. స్వీయ అనుకర్తలు. ఈ ఏడు అందులో చాలా పోటీ.” తర్వాత కొంచెం జాలిపడి ఒక దారి చెప్పాడు. విడిపోయినవాళ్ళ పాటలకు ఒక నిబంధన ఉంది: వదిలి వెళ్ళినవాడు స్వయంగా వచ్చి, ఆ వెధవ తానేనని, పాడింది ఫలానా ఆమేనని వాంగ్మూలం ఇవ్వాలి. (ఈ నిబంధన వచ్చినప్పటి నుంచీ ఊళ్ళో మాజీలకు గిరాకీ పెరిగింది. కొందరు ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుంటేనే వస్తున్నారు.)

ఎలియెసెర్‌ను బతిమాలాల్సిన పనే లేకపోయింది. ఇస్త్రీ చొక్కా, సెంటు, చంకలో సాక్ష్యంగా ఆ ఫ్యాన్‌తో ఊరేగింపులా వచ్చాడు. వసారాలో గుమస్తాలు అతనితో ఫోటోలు దిగారు.

“ఆ వెధవను నేనేనండీ!” అన్నాడు గర్వంగా.

“సిగ్గులేకపోతే సరి,” అంది ఆర్లెనిస్.

“పాటలో నా పేరు పెట్టలేదేమే? నేను పోబట్టే కదా నీకీ వైభోగం!”

“నా పేరుకే దిక్కు లేదు, నీ పేరొకటి తక్కువైంది!”

డాక్టర్ బల్ల మీద తట్టాడు. “గొంతు ఈమెదేనా?”

“అనుమానమా డాక్టరు గారూ? ఏళ్ళ తరబడి ఈ గొంతుతోనే తిట్లు తిన్నాను. నిద్రలో విన్నా గుర్తుపడతాను.”

మొదటిసారిగా అతని మీద ఆమెకు కాస్త అభిమానం కలిగింది. డాక్టర్ మాత్రం తల అడ్డంగా ఊపాడు. తిట్టే గొంతు వేరు, పాడే గొంతు వేరు. తిట్ల ఆధారంగా హిట్ ఇచ్చిన దాఖలా లేదు. వాంగ్మూలం చెల్లదన్నాడు. ఫ్యాన్ మాత్రం చెల్లింది. దాన్ని విచారణ నిమిత్తం స్వాధీనం చేసుకుని, డాక్టర్ గారి ముఖానికి ఎదురుగా పెట్టి, పనిచేస్తోందో లేదో ఈ రోజుకీ పరిశీలిస్తున్నారు.

నవంబరు వచ్చింది. ఊరంతా రంగులు, మొహాలకు పిండి, వీధి వీధికీ డప్పులు. జాబితా చదవడానికి ముందు కాలక్షేపానికి స్వీయ అనుకర్తలకు వేదిక మీద ఒక్కో పాట ఇచ్చారు. ఆర్లెనిస్‌కు తళుకుల గౌను, నెత్తిన ఈకల కిరీటం, కనురెప్పల దాకా బంగారు రంగు పూసి పంపారు. యంత్రాన్ని వేదిక పక్కనే పెట్టారు.

ఆమె గొంతెత్తింది. మైదానం ఊగిపోయింది. పల్లవి అయింది. ఇప్పుడు తన పేరు చెప్పుకోవాలి. వేల మొహాలు నోళ్ళు తెరుచుకుని ఒకే మాట కోసం చూస్తున్నాయి. అది రాకపోతే పాట అక్కడే చచ్చిపోతుందని ఆమెకు అర్థమైంది. ‘ఆ’ అనబోయిన నోరు ఆగింది. గుండెల నిండా ఊపిరి పీల్చుకుని “తాబేలొచ్చింది, తప్పుకోండీ!” అని తానే అరిచింది.

ఇంకేముంది! మైదానం పేలిపోయింది. ముసలాళ్ళు చేతికర్రలు గాల్లోకి విసిరేశారు. పోలీసులు ఈలలు వేశారు. విల్‌ఫ్రాన్ అయితే కళ్ళు తుడుచుకున్నాడు. తాబేలు పేరు అంత ముద్దుగా ఎవరూ అరవలేదట. ఆర్లెనిస్‌కు ఏడుపు ముంచుకొచ్చింది, అయినా కాళ్ళు ఆగలేదు, ఎగిరి ఎగిరి ఆడింది. యంత్రం నూటికి నూరు వేసింది. మూత తెరిచి చూస్తే వేడెక్కి ఆగిపోయి ఉంది.

డాక్టర్ ఉబాల్దో మైకు అందుకుని, అనుకరణ లోపం తొలగినందున పాటకు తక్షణం హిట్ హోదా ఇస్తున్నట్టు, ఏడాది మొదటి స్థానం కోపిష్టి తాబేలుదైనట్టు ప్రకటించాడు. బహుమతి స్పీకర్ల దొంతరకు తగిలించారు.

మర్నాడు ఆర్లెనిస్ మామూలుగానే మూకుడు పెట్టింది. చెవి వెనక బంగారు రంగు ఇంకా పూర్తిగా పోలేదు. వేరే పేట నుంచి వచ్చిన ఓ పెద్దావిడ అరెపా ఊదుకుంటూ, అదే పాట కూనిరాగం తీస్తూ, పొయ్యి పక్కన నిలబడింది.

“ఎప్పుడూ ఈ పొయ్యి దగ్గరేనా తల్లీ?” అందావిడ. “నిన్న తాబేలు ఎంత బాగా పాడిందనుకున్నావ్! నువ్వూ వచ్చి వినాల్సింది.”