గవరయ్య ఫైలు మీద గీత

పెదపాలవలసలో ఏ వస్తువుతో పనిబడినా ఆఫీసులో ఉన్న దాని ఫైలు మీద రాయాల్సిందే, నేరుగా ముట్టుకుంటే పలకదు. బోరు ఫైలు మీద ‘నీళ్ళు’ అని రాస్తేనే బోరు పోసేది. రోలైనా రేడియో అయినా అంతే. జనం అలవాటుపడ్డారు. అలవాటుపడటంలో ఆ ఊరిని మించిన ఊరు లేదు.

పైడమ్మ మొగుడు గవరయ్య పక్షవాతంతో మంచం పట్టగానే, కదలని సరుకు కింద జమకట్టి ఆయనకీ ఒక ఫైలు తెరిచారు. అది రూలే. పొరపాటల్లా అనుమతుల గడిలో జరిగింది. పైడమ్మకి ‘చదవవచ్చు’ అని పెట్టి, ‘రాయవచ్చు’ అన్నచోట గీత గీశారు. అంటే ఆయన మాట ఆవిడకి వినబడుతుంది, ఆవిడ మాట ఆయనకి చేరదు. చేసైగ కూడా రాత కిందికే వస్తుందట.

గవరయ్యకేమో చూడి గేదె మీద బెంగ. ఈనిందా, ఏ దూడ అని పొద్దస్తమానం అడిగేవాడు. బంగారంలాంటి పెయ్యదూడ పుట్టింది. చెప్పి చెప్పి పైడమ్మ గొంతు పోయింది. పెళ్ళాం అలిగిందనుకుని ఆయన నాలుగోనాడు గంజి కూడా మానేశాడు.

ఆవిడ ఆఫీసుకి పరుగెత్తింది. గుమాస్తా కామేశం మంచివాడే. కూజా ఫైలు తెప్పించి మరీ మంచినీళ్ళిచ్చాడు.

“యజమాని సంతకం ఉంటే గీత తీసేస్తానమ్మా.”

“యజమాని ఎవురు బావూ?”

“ఫైలు పుట్టించింది ఆఫీసు. ఆఫీసే.”

“మరి నానేటి?”

కామేశం పుస్తకం తిరగేసి చూశాడు. “ఇతరులు,” అన్నాడు.

ఒట్టి చేతుల్తో పంపడం మనసొప్పక, లోపల్నుంచి ఇంకో ఫైలు తెచ్చాడు. దాని మీద ఎవరైనా, ఎంతైనా రాయొచ్చు. కాదనదు, రసీదిస్తుంది. తెరిచి చూస్తే మాత్రం ఎప్పుడూ ఖాళీయే. పైడమ్మ చెబుతుంటే కామేశమే రాశాడు: గేదె ఈనిన వేళ, పెయ్య నుదుటి మీద తెల్లమచ్చ, జున్ను ఎవరింటికి ఎంత పంపిందీ, ఆఖరున గంజి తాగమని.

రసీదు కొంగున కట్టుకుని ఇంటికొస్తే గవరయ్య గోడవైపు తిరిగి ఉన్నాడు.

“ఏటే పైడీ, పలకవేటి? గేద సచ్చిపోనాదా?”

మూడు రోజులకి ఆవిడ చదవడానికి కూడా ఏమీ మిగల్లేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు పైడమ్మ మళ్ళీ ఆ ఖాళీ ఫైలు లైన్లో నిలబడింది. లైను వీధి మలుపు దాకా ఉంది. రాసింది ఎక్కడికి పోతుందని ఒక్కరూ అడగలేదు. తీసుకుంటున్నారు కదా, అంతకంటే ఏం కావాలి అనుకుంటూ ఒక అడుగు ముందుకు జరిగారు. ఆవిడా జరిగింది.